పాత ఇల్లు ఎవరి పేరున?

స్త్రీల ఆస్తిహక్కు అనగానే మన సభల్లోనూ కరపత్రాల్లోనూ ముందుగా వచ్చేది భూమి. రావలసిందే. పొలంలో నాట్ల దగ్గర నుంచి మిరపకాయల తొడిమలు తీయడం దాకా చేసేది ఆడవాళ్ళయినా, పట్టాదారు పాసుపుస్తకం మీద పేరు మాత్రం మగవాడిదే అని మనం ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాం. కానీ ఇల్లు గురించి, అందులోనూ ఊరి నడుమ ఉన్న పాత ఇల్లు గురించి మనం మాట్లాడుకున్నది తక్కువ. ఇల్లు ఎలాగూ ఆడవాళ్ళదే అన్న భ్రమ ఇందుకు ఒక కారణం కావచ్చు. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు మన పెద్దలు. ఇంటి దస్తావేజు తెరిచి చూస్తే మాత్రం ఆ ఇల్లాలు ఎక్కడా కనిపించదు.

ఇటీవలి కాలంలో ఒంటరిగా ఉంటున్న స్త్రీలు, ఉద్యోగాలు చేసుకుంటున్న స్త్రీలు, పొదుపు సంఘాల ద్వారా నాలుగు డబ్బులు కూడబెట్టుకున్న స్త్రీలు సొంత ఇల్లు కొనుక్కోవాలనుకోవడం పెరిగింది. కొత్త ఇల్లు కట్టుకునే స్తోమత అందరికీ ఉండదు. అపార్టుమెంట్లు ఉండేది పట్నాల్లో. చిన్న ఊళ్ళలో వాళ్ళకు అందుబాటులో ఉండేది మరమ్మతులు కావలసిన పాత ఇల్లే. ఇది ఆ స్త్రీల వ్యక్తిగత వ్యవహారమనీ, సంఘాలకు సంబంధం లేదనీ అనుకోవడానికి వీల్లేదు. పాత ఇల్లు కొనడమంటే ఒక కుటుంబంలో తరాలుగా నడిచిన పంపకాల మధ్యలోకి అడుగు పెట్టడం. ఆ పంపకాల్లో ఎవరికి వాటా దక్కింది, ఎవరిది ఎగిరిపోయింది అన్న ప్రశ్న కొనేవాళ్ళకూ తగులుతుంది. కొనేది స్త్రీ అయినప్పుడు ఇంకా గట్టిగా తగులుతుంది.

పరిశోధన పనిమీద కొంతకాలంగా నేను పల్నాడులోని దాచేపల్లికి వెళ్ళివస్తున్నాను. 2022 ఏప్రిల్‌లో గుంటూరు జిల్లా నుంచి విడదీసి ఏర్పరచిన పల్నాడు జిల్లాలో ఉందీ ఊరు. నడికుడి రైల్వే జంక్షన్ పక్కనే. చుట్టూ పత్తి, మిరప చేలు, నేల కింద సున్నపురాయి. ఇక్కడి పాత ఇళ్ళలో గోడకూ నేలకూ, కొన్నిచోట్ల పైకప్పుకూ కూడా నాపరాయే వాడారు. ఆ రాయిని క్వారీలో మోసిన కూలీల్లో, పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర పొగ పీల్చినవాళ్ళలో ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. నాయకురాలు నాగమ్మ మంత్రాంగం నడిపిందని వీరగాథలు చెప్పుకునే సీమ ఇది. యుద్ధానికి కారణం ఆమేనని నింద కూడా ఆమె మీదే వేసిన సీమ. ఇక్కడి పాత వీధుల్లో ఇళ్ళ హక్కుపత్రాలు చూస్తూపోతే తాత, తండ్రి, కొడుకు అన్న వరసే తప్ప మధ్యలో ఒక్క ఆడపేరు తగలడం కష్టం.

ఇది యాదృచ్ఛికం కాదు, చట్టమే ఇలా నడిపించింది. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి సొంత ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. కానీ అదే చట్టంలోని 23వ సెక్షన్ నివాస గృహం దగ్గరకు వచ్చేసరికి గడియ పెట్టింది. కుటుంబం కాపురముంటున్న ఇంట్లో కూతురికి వాటా ఉన్నా, మగ వారసులు పంచుకోవాలనుకునేదాకా ఆమె పంపకం అడగకూడదంది. ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా పెళ్ళికాని కూతురికీ, భర్త వదిలేసిన లేదా భర్తకు దూరంగా ఉంటున్న కూతురికీ, వితంతువైన కూతురికీ మాత్రమే ఇచ్చింది. పెళ్ళయి కాపురం చేసుకుంటున్న కూతురు పుట్టింటికి చుట్టం కింద లెక్క. దాదాపు యాభై ఏళ్ళు అమల్లో ఉన్న ఈ సెక్షన్‌ను 2005 సవరణ తొలగించింది.

ఉమ్మడి ఆస్తి విషయంలో మన రాష్ట్రం కొంత ముందుంది. 1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, కూతురికి పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళను పక్కన పెట్టింది. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ పెళ్ళి షరతును తీసేసింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న వివాదం కోర్టుల్లో పదిహేనేళ్ళు నలిగింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు అక్కర్లేదని తేల్చింది. కూతురి హక్కు పుట్టుకతో వచ్చేదని స్పష్టం చేసింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాన్నో, కోర్టు డిక్రీనో మాత్రమే చట్టం కాపాడుతుంది. నోటిమాటగా పంచుకున్నామంటే సాధారణంగా చెల్లదు.

ముస్లిం స్త్రీలకు వాళ్ళ ధర్మశాస్త్రం ప్రకారం సోదరుడి వాటాలో సగం ఉంది. క్రైస్తవ స్త్రీలకు 1925 భారత వారసత్వ చట్టం కింద సోదరుడితో సమాన వాటా ఉంది. చట్టాలు వేరైనా, అన్నదమ్ముల కోసం వదులుకోమని అడిగే మాట మాత్రం అన్ని ఇళ్ళలోనూ ఒకటే.

ఈ చట్టాలన్నీ పాత ఇంటి గుమ్మం దగ్గర ఎలా పనిచేస్తాయో ఒక ఉదాహరణ చెప్పాలి. దాచేపల్లిలో ఒక స్నేహితురాలు ఇల్లు కొనే ప్రయత్నంలో నేను కొన్ని నెలలు వెంట తిరిగాను. ఆమె ప్రభుత్వ పాఠశాలలో టీచరు. భర్త నుంచి విడిగా ఉంటోంది. విడాకులు తీసుకోలేదు, పిల్లలు లేరు. అద్దె ఇల్లు అడిగిన ప్రతిచోటా “మీ ఆయన ఎక్కడుంటారు?” అన్న ప్రశ్నకు జవాబు చెప్పి చెప్పి విసిగిపోయి, పాత మిద్దె ఒకటి బేరానికి ఉందని తెలిసి ముందుకొచ్చింది. అమ్ముతున్నది ఇద్దరు అన్నదమ్ములు. ఇంటిపన్ను రసీదు ఇప్పటికీ వాళ్ళ తాత పేరునే వస్తోంది. తల్లీ తండ్రీ పోయారు. వీలునామా లేదు. అన్నదమ్ములిద్దరూ పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకున్న పారీఖత్తు ఒకటుంది. అందులో ఇల్లు చెరిసగం. వాళ్ళకు ఇద్దరు అక్కచెల్లెళ్ళున్నారన్న సంగతి ఆ కాగితం చదివితే తెలియదు. ఇంటి పక్కావిడ మాటల్లో చెబితే తెలిసింది.

పెద్దామెకు 1983లో పెళ్ళయింది, చిన్నామెకు 1991లో. రాష్ట్ర చట్టం ప్రకారమైతే పెద్దామెకు పుట్టుకతో వచ్చే హక్కు లేదు, చిన్నామెకు ఉంది. 2005 తర్వాత ఇద్దరికీ ఉంది. ఆ ఇల్లు ఉమ్మడి ఆస్తి అనుకున్నా, తండ్రి సొంత ఆస్తి అనుకున్నా ఈనాటి లెక్క ఒకటే. నలుగురికీ తలా నాలుగోవంతు.

ఈ మాట ఎత్తగానే మధ్యవర్తి నవ్వేశాడు. “ఆడపిల్లలదేముందండీ! తలా ఒక చీర పెడితే వచ్చి సాక్షి సంతకం చేసిపోతారు” అన్నాడు. ఇది ఆ ఒక్క మధ్యవర్తి తెలివి కాదు, వాడుకలో ఉన్న పద్ధతి. వాటాదారుగా అమ్మవలసిన మనిషి చేత సాక్షిగా సంతకం పెట్టిస్తారు. చూడటానికి సంతకం సంతకమే. కానీ అమ్మినవాళ్ళలో ఆమె లేదు కాబట్టి డబ్బులో ఆమెకు భాగం రాదు. రేపు అడిగితే నీ ఎదుటే జరిగింది కదా అంటారు.

నా స్నేహితురాలు ఒకటే షరతు పెట్టింది. దస్తావేజులో అమ్మేవాళ్ళుగా నలుగురి పేర్లూ ఉండాలి, నలుగురి ఖాతాల్లోనూ విడివిడిగా డబ్బు పడాలి. ఇందులో ఆమె సొంత భద్రత కూడా ఉంది. వాటాదారు సంతకం లేని ఇల్లు కొంటే ఆ వాటా కొనుగోలుదారుకు రాదు, రేపు కోర్టు మెట్లెక్కవలసి వస్తుంది. ఒక్క అన్న వాటా మాత్రమే కొన్నా చిక్కే. పంచుకోని కుటుంబ గృహంలో వాటా కొన్న బయటివాళ్ళకు కలిసి కాపురముండే హక్కు లేదని ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ చెబుతోంది. కానీ ఆమె మాటల్లోనే చెప్పాలంటే అసలు సంగతి వేరు. “ఇంకో ఆడదాని వాటా మింగి నేను ఇంటిదాన్ని కావడమేమిటి?”

అక్కచెల్లెళ్ళను కలవడానికి వెళ్ళాం. పెద్దామె వెంటనే ఒప్పుకుంది, మందులకైనా పనికొస్తాయంది. చిన్నామె మాత్రం ఏడ్చింది. “ఆ డబ్బు తీసుకుంటే అన్నయ్యలు గడప తొక్కనివ్వరు. ఈయన కొట్టినప్పుడు నేను పోయేది అక్కడికే గదమ్మా” అంది.

ఈ మాట దగ్గర మనం ఆగాలి. ఆడవాళ్ళు చట్టం తెలియక వాటా వదులుకుంటున్నారని అనేక శిక్షణా శిబిరాల్లో చెబుతుంటాం. చిన్నామెకు చట్టం తెలుసు. పుట్టిల్లు ఆమెకున్న ఒకే ఒక్క ఆశ్రయం. దాన్ని నిలుపుకోవడానికి ఆమె కడుతున్న వెల ఆ నాలుగోవంతు. 2005 గృహహింస నిరోధక చట్టం భర్త ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది, నిజమే. ఆ హక్కు కోసం మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళేలోపు ఆ రాత్రి తలదాచుకోవడం ఎక్కడ? ఆ ప్రశ్నకు మన దగ్గర జవాబు లేనంతకాలం, వాటా అడగమని ఆమెకు చెప్పడం మనకు తేలిక, ఆమెకు కాదు. 

మూడు నెలలు బేరం సాగింది. వేరేవాళ్ళకు అమ్మేస్తామని అన్నదమ్ములు బెదిరించారు. నలుగురి సంతకాలు లేకపోతే ఎవరు కొన్నా ఇదే తంటా అని ఊళ్ళో ఒక ప్లీడరు చెప్పాక దిగివచ్చారు. చివరికి నలుగురూ రిజిస్ట్రారు ముందు కూర్చుని వేలిముద్రలు వేశారు. డబ్బు నలుగురి ఖాతాల్లో పడింది. ఆ ఏడు సంక్రాంతికి చిన్నామెకు అన్నల ఇళ్ళ నుంచి పిలుపు రాలేదు. హక్కు దక్కిన కథగా దీన్ని చెప్పేటప్పుడు ఈ చివరి వాక్యాన్ని మనం వదిలేయకూడదు.

ఇక ఇంటి సంగతి. పాత ఊరిలో ఇళ్ళు ఎక్కువగా గ్రామకంఠంలో ఉంటాయి. రెవెన్యూ లెక్కల్లో అది ఊరి నివాస స్థలం. విడివిడిగా పట్టాలు ఉండవు. పాత దస్తావేజు ఉంటే ఉంటుంది, లేకపోతే ఇంటిపన్ను రసీదులు, ఏళ్ళ తరబడి స్వాధీనంలో ఉండటమే ఆధారం. పన్ను రసీదు హక్కుపత్రం కాదన్నది గుర్తుంచుకోవాలి. రాష్ట్రంలో అనేకచోట్ల గ్రామకంఠం సర్వే నంబర్లు 22ఏ నిషేధిత జాబితాలో చేరి రిజిస్ట్రేషన్లు ఆగిపోయిన అనుభవమూ ఉంది. కాబట్టి బయానా ఇవ్వకముందే ఈసీ తీయించాలి, నిషేధిత జాబితా చూడాలి, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం అడగాలి. ఆ పత్రంలో ఆడపిల్లల పేర్లున్నాయో లేదో ఇరుగుపొరుగు ఆడవాళ్ళను అడిగి సరిచూసుకోవాలి. వాళ్ళకు తెలిసినంత కచ్చితంగా ఏ కార్యాలయానికీ తెలియదు. లింకు డాక్యుమెంట్లు లేవని బ్యాంకు నా స్నేహితురాలికి గృహరుణం ఇవ్వనంది. భవిష్యనిధి నుంచి తీసిన అప్పు, చేతి గాజులు కలిస్తే ఆ ఇల్లు వచ్చింది.

ఇల్లు చూడటానికి మేస్త్రీని తీసుకెళ్ళడం మంచిదే కానీ మన కళ్ళతో మనం చూడటం నేర్చుకోవాలి. ఇది నల్లరేగడి నేల. వానలకు ఉబ్బుతుంది, ఎండలకు నెర్రెలిస్తుంది. దానితోపాటు పునాదీ కదులుతుంది. తలుపు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయిన బీట పునాది కదిలిందని చెప్పే గుర్తు. పూతలో సన్నగా వెంట్రుకలా ఉన్న బీటతో అంత భయం లేదు. దూలాన్నీ వాసాలనూ సుత్తితో తట్టి చూడాలి. డొల్ల మోత వస్తే చెద తిన్నట్టు. వీలైతే గట్టి వాన పడిన మర్నాడు ఇల్లు చూడాలి, ఎక్కడ కారుతుందో అదే చెబుతుంది. మట్టితో, సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూత వేస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక గోడను తినేస్తుంది. సున్నానికి పేరుపడ్డ పిడుగురాళ్ళ పక్కనే ఉంచుకుని ఈ ఊరి మేస్త్రీలు కూడా సిమెంటే వేద్దామంటారు. పాత గోడకు సున్నమే వేయమని పట్టుబట్టవలసి వస్తుంది. ఉన్న డబ్బంతా కొనుగోలుకే పెట్టేయకూడదు. మరమ్మతు ఖర్చు ఎప్పుడూ అంచనా దాటుతుంది.

మరమ్మతు ఎక్కడ మొదలవుతుందన్నది కూడా స్త్రీల ప్రశ్నే. మగవాళ్ళు పెత్తనం చేసిన మరమ్మతులు నేను చాలా చూశాను. ముందు వీధి అరుగు, గేటు, వసారాకు రంగు. వంటగది మాత్రం వెనక చీకట్లోనే పొగచూరి ఉంటుంది. మరుగుదొడ్డి దొడ్డి చివర ఉంటుంది, రాత్రిపూట అక్కడికి దీపం లేదు. నా స్నేహితురాలు ముందు మరుగుదొడ్డి ఇంటికి ఆనించి కట్టించింది. తర్వాత వంటింట్లో పొగగొట్టం, కిటికీ. తర్వాత వెనక తలుపుకు గట్టి గడియ. అరుగు ఇంకా అలాగే ఉంది. సున్నం మోసిన ఆడకూలీలకూ మగకూలీలకూ ఒకే కూలి ఇస్తానంటే మేస్త్రీ పనిలోకి రానన్నాడు, రెండు రోజులకు వచ్చాడు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. ఇల్లు కట్టే చోట అమలు చేయవలసింది ఇల్లు కట్టించుకునేవాళ్ళం మనమే.

పెళ్ళయి భర్తతో ఉంటున్న స్త్రీల విషయంలో మరమ్మతు మరో ప్రమాదం తెస్తుంది. మామగారి పాత ఇల్లు కారుతుంటే కోడలి గాజులు కుదువకు పోతాయి. డ్వాక్రా అప్పు పైకప్పు అవుతుంది. మిరప కూలి సిమెంటు బస్తా అవుతుంది. ఇల్లు మాత్రం మామ పేరునో భర్త పేరునో ఉంటుంది. పెళ్ళి తర్వాత సమకూడిన ఆస్తిలో భార్యకు సగం అనే చట్టం మన రాష్ట్రంలో లేదు. సంసారం చెడిన రోజున ఆ గాజులకు గోడల్లో ఆనవాలు దొరకదు. ఇంటిలో డబ్బు పెట్టే ప్రతి స్త్రీ అది తన ఖాతా నుంచి పోయేలా, రసీదు తన పేరున ఉండేలా చూసుకోవాలి. వీలైన ప్రతిచోటా దస్తావేజులో పేరు అడగాలి.

సొంత పేరున కొన్నంతలో కూడా పని పూర్తి కాదు. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం వీలునామా రాయకుండా స్త్రీ చనిపోతే ఆమె ఆస్తికి మొదటి వారసులు పిల్లలు, భర్త. వాళ్ళు లేకపోతే భర్త తరఫు వారసులు. ఆమె కన్నవాళ్ళు ఆ తర్వాతే. తల్లిదండ్రుల నుంచి సంక్రమించిన ఆస్తి అయితే, పిల్లలు లేనప్పుడు పుట్టింటివైపు వెళుతుంది. సొంతంగా సంపాదించుకున్నదానికి ఆ మినహాయింపు లేదు. నారాయణీదేవి 1955లో పెళ్ళయిన మూడు నెలలకే భర్తను పోగొట్టుకుంది. అత్తింటివాళ్ళు వెళ్ళగొట్టారు. పుట్టింట్లో ఉండి చదువుకుని, ఉద్యోగం చేసి ఆస్తి సంపాదించింది. 1996లో వీలునామా లేకుండా చనిపోయింది. 2009లో ఓంప్రకాశ్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఆస్తి భర్త తరఫువాళ్ళదే అంది. చట్టం అలా ఉంది, సానుభూతితో మార్చలేమంది. నా స్నేహితురాలు రేపు ఏమీ రాయకుండా పోతే, తాను వదిలి వచ్చిన భర్తే ఈ ఇంటికి యజమాని అవుతాడు. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షులు చాలు. ఇల్లు రిజిస్టరైన వారంలోనే ఆమె రాసిపెట్టింది.

ప్రభుత్వాలు స్త్రీల పేరున ఇళ్ళు ఇవ్వడం లేదా అని అడగవచ్చు. ఇస్తున్నాయి. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన ఇల్లు స్త్రీ పేరునో ఉమ్మడిగానో ఉండాలంది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లక్షలాది స్త్రీల పేరున ఇళ్ళస్థలాల పట్టాలు ఇచ్చింది. ఇది చిన్న విషయం కాదు. అయితే ఆ స్థలాలు చాలాచోట్ల ఊరికి దూరంగా ఉన్నాయి. బడికీ బస్సుకూ ఆస్పత్రికీ దగ్గరగా, ఇరుగుపొరుగు పిలిస్తే పలికే పాత ఊరు మాత్రం మగ వారసత్వంలోనే ఉండిపోయింది. ఊరి చివర స్త్రీకి పట్టా, ఊరి నడుమ పురుషుడికి ఇల్లు అన్న ఈ విభజనను మనం ప్రశ్నించాలి.

మన సంఘాలు చేయవలసిన పని స్పష్టంగా ఉంది. అమ్మకం దస్తావేజు రిజిస్టరు చేసేటప్పుడు కూతుళ్ళతో సహా వారసులందరి పేర్లున్న ధ్రువీకరణ పత్రం తప్పనిసరి చేయాలని అడగాలి. కూతురు రాసే హక్కు విడుదల దస్తావేజులో ఆమెకు ముట్టిన మొత్తం రాయాలని, అది ఆమె ఖాతాలోనే పడాలని అడగాలి. 22వ సెక్షన్ కింద అన్నదమ్ములు తమ వాటా అమ్మదలిస్తే కొనుక్కునే మొదటి హక్కు తోటి వారసురాలికి ఉంది. పుట్టిల్లు కొనుక్కోగలిగిన కూతుళ్ళకు ఈ సంగతి చెప్పాలి. ఢిల్లీలో పురుషుల పేరున కొన్నదానికన్నా స్త్రీల పేరున కొంటే స్టాంపు డ్యూటీ తక్కువ. అటువంటి రాయితీ మనమూ కోరాలి. భర్త పెత్తనానికి భార్య పేరు ముసుగు కాకుండా చూసుకునే బాధ్యతతో కోరాలి. పాత ఇళ్ళ కొనుగోలుకూ మరమ్మతుకూ స్త్రీలకు రుణాలు అడగాలి. పొదుపు సంఘాల సమావేశాల్లో వీలునామాలు రాయించాలి.

వీటన్నిటికన్నా ముందు చేయవలసింది ఇంకొకటుంది. వాటా అడిగినందుకు పుట్టింటి పిలుపు పోగొట్టుకునే స్త్రీకి ప్రతి మండలంలోనూ ఒక ఆశ్రయం ఉండాలి. ప్రభుత్వం నడపాలని పోరాడదాం, అందాకా మనం నడుపుదాం. ఆ ఆశ్రయం ఉన్న రోజున వాటా అడగడానికి ఇంకెంతమంది ముందుకొస్తారో చూద్దాం.